టాటీఎంఈ మంచిదో కాదో ఒక్క విభాగం డేటాబేస్‌తో తేలుతుందా?

రెసిడెంట్_వరంగల్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మలాశయం క్యాన్సర్‌కి టాటీఎంఈ (మలద్వారం వైపు నుంచి చేసే టీఎంఈ, అంటే మలాశయాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా తీసేసే ఆపరేషన్), మామూలు లాప్రోస్కోపిక్ టీఎంఈ (లాప్, పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి పై నుంచి చేసేది): ఈ రెండింటినీ పోల్చి థీసిస్ రాయాలి. విభాగం డేటాబేస్‌లో 68 టాటీఎంఈ కేసులు, 190 లాప్ కేసులు ఉన్నాయి. లాప్ కేసులు 2015 నుంచి, టాటీఎంఈ 2019 నుంచి.

నా సందేహాలు ఇవి. సీఆర్ఎం (కోసిన చుట్టు అంచుకీ గడ్డకీ మధ్య దూరం), స్పెసిమెన్ గ్రేడు (తీసిన ముక్క ఎంత చెక్కుచెదరకుండా వచ్చిందన్నది), లింఫ్ నోడ్ల లెక్క దాదాపు అందరికీ ఉన్నాయి, ఫాలోఅప్ మాత్రం అంతంతమాత్రం. సీఆర్ఎంనే ముఖ్య ఫలితంగా పెట్టుకుంటే సరిపోతుందా? 7 కేసుల్లో కింది నుంచి మొదలుపెట్టి చివరికి పొట్ట తెరవాల్సి వచ్చింది. డేటాబేస్‌లో అవి 'ఓపెన్' అని ఉన్నాయి, వాటిని వదిలేయవచ్చా? లీక్‌కి (పేగు అతుకు కారడం) ఒక్కటే గడి ఉంది, ఉంది/లేదు అని. రెండు కాలాల తేడాని ప్రొపెన్సిటీ మ్యాచింగ్ (ఒకేలాంటి రోగుల్ని జతలు కట్టి పోల్చడం) సరిచేస్తుందా?

ఆఖరిది: టాటీఎంఈ 68 మందిలో లోకల్ రికరెన్స్ (తీసిన చోటే క్యాన్సర్ మళ్లీ రావడం) ఇద్దరికే వచ్చింది. '2.9 శాతం, లాప్‌తో సమానం' అని ముగింపులో రాయొచ్చా?

సిగ్మాయిడ్

ఆఖరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను, మిగతావి అందులోనే తేలతాయి. 68లో 2 అంటే 2.9 శాతమే. కానీ దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నిజమైన శాతం ఉండగల పరిధి) 0.4 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. అంటే టాటీఎంఈ బ్రహ్మాండం అన్నా మీ డేటా తలూపుతుంది, నార్వేలో ఆపేసినంత ప్రమాదం అన్నా తలూపుతుంది. 'సమానం' అనే మాట ఇక్కడ రాయకూడదు. 4 శాతానికీ 8 శాతానికీ ఉన్న తేడా పట్టుకోవాలంటేనే ఒక్కో వైపు 550 మంది దాకా కావాలి (80 శాతం పవర్, అంటే నిజంగా ఉన్న తేడా దొరికే అవకాశం 80 శాతం అనుకుంటే).

నార్వే సంగతి మీ థీసిస్‌కి గుండెకాయ లాంటిది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. అక్కడ టాటీఎంఈ 2014 అక్టోబరులో మొదలైంది. 2018 అక్టోబరు దాకా 7 ఆసుపత్రుల్లో 157 మందికి చేశారు. వాళ్లలో 12 మందికి లోకల్ రికరెన్స్ వచ్చింది. అంకె కన్నా భయపెట్టింది దాని తీరు: 12 మందిలో 8 మందికి అది ఒక చోట గడ్డగా కాకుండా కటిలో పలుచోట్ల, లేదా విస్తారంగా వచ్చింది. జాతీయ కొలోరెక్టల్ క్యాన్సర్ రిజిస్ట్రీలోని 1188 మందితో పోలిస్తే 2.4 ఏళ్ల దగ్గర అంచనా ఇటు 11.6 శాతం, అటు 2.4 శాతం. హజార్డ్ రేషియో (రెండు గుంపుల రిస్కుల నిష్పత్తి) 6.7, ఇంటర్వల్ 2.9 నుంచి 15.3. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిన లీకులు 8.4 శాతం, పోలిక గుంపులో 4.5 శాతం. దేశమంతటా ఆపేశారు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. 157లో 12 అంటే 7.6 శాతం కదా, 11.6 ఎక్కడిది? అప్పటికి చాలామందికి ఫాలోఅప్ 2.4 ఏళ్లు నిండలేదు. నిన్న ఆపరేషన్ అయిన మనిషిని కూడా 'రికరెన్స్ లేదు' అని హారంలో కలిపేస్తే శాతం ఉత్తుత్తిగా తగ్గుతుంది. ఎవరిని ఎంతకాలం చూశామో లెక్కలోకి తీసుకుంటే అసలు రిస్కు బయటపడుతుంది. మీ 68 మందిలో సగం మందికి ఏడాది కూడా నిండకపోతే ఆ 2.9కి అర్థమే లేదు.

ఇప్పుడు సీఆర్ఎం సంగతి. అదే కాలంలో బ్రిటన్ నుంచి నడిచిన అంతర్జాతీయ టాటీఎంఈ రిజిస్ట్రీ 2017లో మొదటి 720 మంది వివరాలు బయటపెట్టింది. స్పెసిమెన్ చెక్కుచెదరకుండా ఉన్నవి 85 శాతం, చిన్న లోపాలున్నవి 11 శాతం, ఆర్1 (అంచులో క్యాన్సర్ కణాలు మిగిలినవి) కేవలం 2.7 శాతం. ఈ అంకెలు చూసి ఎవరికీ అనుమానం రాదు. అయినా నార్వేలో జరిగింది జరిగింది. కారణం ఆపరేషన్‌లోనే ఉంది. టాటీఎంఈలో ముందు గడ్డ కింద మలాశయాన్ని పర్స్‌స్ట్రింగ్ కుట్టుతో బిగించి మూసేస్తాం. ఆ కుట్టు వదులైతే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి లోపలి ద్రవంతో పాటు క్యాన్సర్ కణాలు కటిలోకి చిమ్ముతాయి. పలుచోట్ల రికరెన్స్ రావడానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. అప్పుడు స్పెసిమెన్ అందంగానే ఉంటుంది, మార్జిన్ శుభ్రంగానే ఉంటుంది. కణాలు మాత్రం రోగిలో మిగిలిపోతాయి. పాథాలజిస్టు బల్ల మీదికి రాని ప్రమాదాన్ని సీఆర్ఎం ఎలా చూపిస్తుంది?

బ్రిటిష్ సర్జన్ బిల్ హీల్డ్ మొదలుపెట్టిన మామూలు టీఎంఈకి సీఆర్ఎం మంచి గుర్తే, ఎందుకంటే అక్కడ తప్పు జరిగేది కోసే పొరలోనే. పద్ధతి మారితే తప్పు జరిగే చోటు కూడా మారుతుంది. పాత కొలబద్దతో కొత్త తప్పు దొరకదు. సీఆర్ఎం రాయండి, కానీ అదే ముఖ్య ఫలితం అనకండి.

ఓటీ_రిజిస్టర్

సిగ్మాయిడ్ గారు చెప్పినదానికి కింది మెట్టు నేను చెప్తాను. గణాంకాల కన్నా ముందు, డేటాబేస్‌లో ఉన్న 258 మందే అసలు మొత్తమా అన్నది చూడండి. ఓటీ రిజిస్టర్, పాథాలజీ రిజిస్టర్, డిశ్చార్జ్ సమ్మరీలు మూడూ పక్కపక్కన పెట్టి మలాశయం క్యాన్సర్ ఆపరేషన్లన్నీ ఐపీ నంబరుతో సరిపోల్చండి. సాధారణంగా తప్పిపోయేవి మామూలు కేసులు కావు. టేబుల్ మీద చనిపోయినవాళ్లు, ఐసీయూలో ఉండి వేరే విభాగం పేరుతో డిశ్చార్జ్ అయినవాళ్లు, అర్ధరాత్రి లీక్‌కి మళ్లీ తెరిచినవాళ్లు: ఈ షీట్లే డేటాబేస్‌లోకి ఎక్కవు. స్వచ్ఛందంగా నింపే రిజిస్ట్రీలన్నిటికీ ఉన్న జబ్బు ఇదే. నార్వేలో టాటీఎంఈ ప్రమాదం పట్టుబడిందంటే అక్కడ క్యాన్సర్ నమోదు చట్ట ప్రకారం తప్పనిసరి, ప్రతి మనిషికీ జాతీయ గుర్తింపు సంఖ్య ఉంది, వేరే ఊళ్లో రికరెన్స్ బయటపడ్డా అదే పేరు కింద చేరుతుంది.

ఆ 7 కేసులు: వదిలేయకండి, లాప్ వైపుకో ఓపెన్ వైపుకో తొయ్యకండి. అవి టాటీఎంఈ వైపే. ఒక్క 'పద్ధతి' గడిని మూడు గడులుగా విడగొట్టండి: అనుకున్న పద్ధతి, మొదలుపెట్టిన పద్ధతి, ముగించిన పద్ధతి. విశ్లేషణ మొదలుపెట్టిన పద్ధతి ప్రకారం. కష్టమైన కటి, లావైన మగవాళ్లు, రక్తస్రావం అయిన కేసులే ఓపెన్‌కి మారతాయి. వాటిని తీసేస్తే కొత్త పద్ధతి ఖాతాలో తేలికైనవే మిగులుతాయి. కావాలంటే ముగించిన పద్ధతి ప్రకారం రెండో పట్టిక వేయండి, తేడా ఎంతో పాఠకుడికే కనబడుతుంది.

లీక్‌కి ఉంది/లేదు సరిపోదు. ఐఎస్ఆర్ఈసీ (లీక్ తీవ్రతకి అంతర్జాతీయంగా వాడే కొలత) గ్రేడు రాయాలి: వైద్యం ఏమీ మార్చనక్కర్లేకపోతే 'ఏ', యాంటీబయాటిక్, డ్రెయిన్ లాంటివి చేసి మళ్లీ పొట్ట తెరవకుండా గడిస్తే బి, తెరవాల్సివస్తే సి. ఆపరేషన్ నుంచి లీక్ బయటపడేదాకా రోజుల సంఖ్య వేరే గడిలో. ఇది ఎందుకంత ముఖ్యమో చూడండి. అంతర్జాతీయ రిజిస్ట్రీ 1594 మంది వివరాల్లో మొదటి రోజుల్లో వచ్చిన లీక్ 7.8 శాతం, ఆలస్యంగా వచ్చినది 2.0 శాతం. కటిలో చీము, ఫిస్టులా, మానని సైనస్ అన్నీ కలిపితే 15.7 శాతం. నార్వే 8.4 శాతం మళ్లీ ఆపరేషన్ చేసిన లీకులు మాత్రమే. ఈ 15.7ని ఆ 8.4 పక్కన పెట్టి నార్వేనే నయం అని రాసేవాళ్లున్నారు. రెండు వేరు వేరు వస్తువులు.

స్టోమా (మలం బయటికి పోయేలా పొట్ట మీద తెరిచిన పేగు) వేసినవాళ్లలో 'ఏ' గ్రేడు లీక్ నెలల తర్వాత కాంట్రాస్ట్ పరీక్షలోనే బయటపడుతుంది. కాబట్టి ఇరువైపులా స్టోమా మూసేముందు అందరికీ పరీక్ష చేశారా లేక ఒకవైపే చేశారా అన్నది రాయండి. ఎక్కువ వెతికిన వైపు ఎక్కువ దొరుకుతాయి, అందులో ఆశ్చర్యం లేదు.

గడ్డ ఎత్తు ఇంకో తలనొప్పి. కొందరు యానల్ వెర్జ్ (మలద్వారం బయటి అంచు) నుంచి రిజిడ్ స్కోప్‌తో కొలుస్తారు, కొందరు ఎంఆర్ఐలో యానోరెక్టల్ జంక్షన్ (మలద్వారం మలాశయాన్ని కలిసే చోటు) నుంచి, ఇంకొందరు కొలనోస్కోపీ నివేదికలో ఉన్నది ఎక్కించేస్తారు. ఒకే గడ్డ 5 సెంటీమీటర్లూ కావచ్చు 9 కూడా కావచ్చు. ఎంఆర్ఐలు తెప్పించి ఒకరే, ఏ వైపు కేసో తెలియకుండా, మళ్లీ కొలవడం మంచిది. 258 ఎంఆర్ఐలు అంటే రెండు మూడు వారాల పని, అంతకన్నా లేదు.

సీఆర్ఎం పాజిటివ్/నెగెటివ్ అని కాక మిల్లీమీటర్లలో రాయండి. 1 మిల్లీమీటరు గీత తర్వాత మీరే గీసుకోవచ్చు, పాజిటివ్ అని రాసిన దాన్నుంచి మిల్లీమీటర్లు మాత్రం వెనక్కి రావు. టాటీఎంఈకి ప్రత్యేకంగా నాలుగు గడులు కలపండి: పర్స్‌స్ట్రింగ్ ఎన్నిసార్లు వేశారు, మధ్యలో వదులైందా, మూశాక లోపల కడిగారా, కటిలో గ్యాస్ ఒత్తిడి ఎంత. ఆపరేషన్ నోట్‌లో ఇవి లేకపోతే 'తెలియదు' అని రాయండి. ఖాళీ గడిని 'లేదు'గా లెక్కపెట్టే పొరపాటు సగం థీసిస్‌లలో ఉంటుంది. ఎక్సెల్‌లో తేదీలు కూడా ఒకసారి తిరగేయండి, 03/07 మార్చి 7 అయి కూర్చుంటుంది, రికరెన్స్ ఆపరేషన్‌కి ముందే వచ్చినట్టు తేలుతుంది.

రెసిడెంట్_వరంగల్

చాలా ఉపయోగపడిందండి. టాటీఎంఈ వైపు 19 మందిని చివరిసారి చూసింది ఆపరేషన్ అయిన 6 నెలల లోపే, ఆ తర్వాత వాళ్లు రాలేదు. వాళ్లని తీసేసి 49 మందితో చేయమంటున్నారు. ఇంకో మాట: ఇంత చిన్న డేటా కన్నా అమెరికా వాళ్ల ఎన్‌సీడీబీ, సీర్ లాంటి పెద్ద క్యాన్సర్ డేటాబేస్ తీసుకోమని ఒకరు సలహా ఇచ్చారు. లేదంటే ఆరోగ్యశ్రీ డేటా?

బయోస్టాట్_శ్రీ

19 మందిని తీసేయకండి. వాళ్లు చూసిన రోజు దాకా లెక్కలో ఉండి ఆ రోజు సెన్సార్ అవుతారు (అక్కడి నుంచి లెక్కలోంచి తప్పుకుంటారు), కాప్లాన్-మయర్ పద్ధతి ఉన్నదే అందుకు. కానీ అంతటితో అయిపోలేదు. సెన్సారింగ్ సరైనది కావాలంటే రాకుండా పోయినవాళ్లు వస్తున్నవాళ్ల లాంటివాళ్లే అయ్యుండాలి. ఇక్కడ అది అనుమానమే. బాగున్నవాళ్లు ఖర్చు ఎందుకని మానేస్తారు. బాగాలేనివాళ్లు దగ్గరున్న ఇంకో ఆసుపత్రికో, ఇంటికో వెళ్లిపోతారు. రెండూ జరుగుతాయి, ఏది ఎక్కువో లెక్కల్లో తేలదు. కాబట్టి ఫోన్ చేయండి. ఫోన్‌లో మూడే ప్రశ్నలు: మనిషి ఉన్నారా, లేకపోతే ఏ తేదీన పోయారు, మలద్వారం దగ్గర గానీ కటిలో గానీ మళ్లీ గడ్డ అని ఎవరైనా చెప్పారా, ఎప్పుడు, ఆఖరి స్కాన్ ఎప్పుడు తీశారు. ఎథిక్స్ కమిటీ అనుమతిలో ఈ ఫోన్ల సంగతి ముందే రాసుండాలి. దొరకని వాళ్లకి రెండు అంచనాలు వేయండి: అందరికీ రికరెన్స్ వచ్చిందనుకుంటే, ఎవరికీ రాలేదనుకుంటే. నిజం ఆ రెంటి మధ్య ఉంటుంది. ఆ మధ్య చాలా వెడల్పుగా ఉందంటే అదే మీ ఫలితం.

ఎక్కువ వయసువాళ్లు ఉంటే ఇంకో చిక్కు. రికరెన్స్ రాకముందే వేరే కారణంతో చనిపోయినవాళ్లని సెన్సార్ చేస్తే లోకల్ రికరెన్స్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మరణాన్ని పోటీ సంఘటనగా పెట్టి క్యుములేటివ్ ఇన్సిడెన్స్ (కాలంతో పాటు పెరిగే మొత్తం రిస్కు) వేయండి.

ప్రొపెన్సిటీ: మోడల్‌లోకి ఆపరేషన్‌కి ముందు తెలిసినవే పోవాలి. వయసు, లింగం, బీఎంఐ, ఏఎస్ఏ (మత్తుకి ముందు ఆరోగ్య గ్రేడు), ఎంఆర్ఐలో గడ్డ ఎత్తు, ఎంఆర్ టీ దశ (ఎంఆర్ఐలో గడ్డ ఎంత లోతుకి పోయిందన్నది), మార్జిన్‌కి ముప్పు ఉందా, ఈఎంవీఐ (గడ్డ బయటి సిరల్లోకి పాకిందా), ముందు రేడియేషన్. ఆపరేషన్ సమయం, రక్తస్రావం, పాథాలజీ దశ పెట్టారంటే కొత్త పద్ధతి ఫలితాన్నే పోలికలోంచి తుడిచేసినట్టు. జతలు కుదిరాయా అన్నది పీ విలువతో చూడకండి, స్టాండర్డైజ్డ్ తేడా (రెండు గుంపుల సగటుల తేడాని చెదురుతో భాగించినది) 0.1 లోపు ఉందో లేదో చూడండి. 68 మందితో మ్యాచింగ్ చేస్తే ఇంకా కొందరు రాలిపోతారు. ఓవర్‌ల్యాప్ వెయిట్స్ (ఎవరినీ తీసేయకుండా, రెండో వైపుతో పోలిక కుదిరేవాళ్లకి ఎక్కువ బరువు ఇవ్వడం) వాడితే అందరూ ఉంటారు. ఇద్దరికే రికరెన్స్ వస్తే మల్టీవేరియబుల్ కాక్స్ మోడల్ (చాలా కారణాల్ని ఒకేసారి సరిచూసే లెక్క) ఊసే ఎత్తకండి. సాఫ్ట్‌వేర్ ఏదో అంకె ఇస్తుంది, దానికి విలువ లేదు.

కాలం తేడాని ఏ మ్యాచింగూ పూర్తిగా సరిచేయదు. 2015కీ 2019కీ మధ్య ఎంఆర్ఐ నివేదికలు మెరుగుపడి ఉంటాయి, టోటల్ నియోఅడ్జువంట్ (రేడియేషన్, కీమో అంతా ఆపరేషన్‌కి ముందే ఇవ్వడం) వచ్చి ఉంటుంది, సర్జన్ చేయి తిరిగి ఉంటుంది. 2019 తర్వాతి లాప్ కేసులతోనే ముఖ్యమైన పోలిక చేయండి, పాతవాటితో చేసినది పక్కన చూపండి.

పెద్ద డేటాబేస్‌ల విషయం పొట్టిగా. ఎన్‌సీడీబీలో 2010 నుంచి రోబోటా, లాపా, ఓపెనా అన్నది ఉంది, కానీ లోకల్ రికరెన్స్ లేదు. సీర్‌లో అదీ లేదు, ఇదీ లేదు. అక్కడిదే సర్జరీ నాణ్యత డేటాబేస్ ఎన్‌ఎస్‌క్విప్‌లో లీక్ వివరంగా ఉంటుంది, 30 రోజులకే ఆగిపోతుంది. ఆరోగ్యశ్రీ క్లెయిములు బిల్లు చెల్లించడం కోసం పుట్టినవి. ఏ ఆపరేషన్ అన్నది చెప్తాయి గానీ కింది నుంచి చేశారా పై నుంచి చేశారా అన్నది, మార్జిన్ ఎంత అన్నది వాటికి అక్కర్లేదు. హైదరాబాద్ జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీ కొత్త కేసుల్ని, మరణాల్ని లెక్కపెట్టడానికి. పది లక్షల మంది ఉన్న డేటాబేస్‌లో మీ ప్రశ్నకి గడి లేకపోతే, ఆ గడి ఉన్న 258 మందే మేలు.

చేయి_తిరిగిన_లాప్

ఒక్క విషయంలో సిగ్మాయిడ్ గారితో విభేదిస్తాను. నార్వే అంకెల్ని టాటీఎంఈ తీర్పుగా చూపించడం సగం నిజమే. 157 కేసులు 7 ఆసుపత్రులకి, నాలుగేళ్లకి పంచితే ఒక్కో చోట ఏడాదికి సగటున ఆరు కూడా రావు. నెదర్లాండ్స్‌లో శిక్షణ కార్యక్రమం కింద 12 ఆసుపత్రులు చేసిన మొదటి పదేసి కేసులు, మొత్తం 120 తీస్తే 12 మందికి లోకల్ రికరెన్స్, అదే 10 శాతం, అందులో 8 పలుచోట్ల వచ్చినవే. అదే దేశంలో ముందునుంచీ చేస్తున్న రెండు కేంద్రాల 159 మందిలో మూడేళ్లకి 2 శాతం, అయిదేళ్లకి 4 శాతం. పద్ధతి ఒకటే, చేతులు వేరు.

కాబట్టి మీ 68 కేసుల్ని వరుస సంఖ్యతో క్యూసమ్ గ్రాఫ్ (కేసు కేసుకీ ఫలితాన్ని కూడుతూ పోయేది) వేయండి, సర్జన్ వారీగా. ఒకరు 50, ఇంకొకరు 18 చేసి ఉంటే అవి రెండు వేరు కథలు. క్యూసమ్‌కి ఆపరేషన్ సమయం వాడితే గంటలు తగ్గడం కనబడుతుంది, భద్రత కనబడదు; పెద్ద కాంప్లికేషన్, ఆర్1, పర్స్‌స్ట్రింగ్ వదులవడం కలిపిన ఫలితం వాడండి. మలాశయం క్యాన్సర్‌కి రోబోట్‌నీ లాప్‌నీ పోల్చిన రోలార్ ట్రయల్‌లో కూడా, 471 మందిని రాండమైజ్ చేసినా, ఓపెన్‌కి మారడం రోబోట్ వైపు 8.1, లాప్ వైపు 12.2 శాతం అని తేలి ముగింపు దొరకలేదు. సర్జన్లకి లాప్‌లో ఉన్న అనుభవం రోబోట్‌లో లేదన్న వాదన ఇంకా నడుస్తోంది.

సిగ్మాయిడ్

చేతులు వేరన్నది ఒప్పుకుంటాను. కానీ మొదటి పది మందీ రోగులే కదండీ. 'లెర్నింగ్ కర్వ్ కేసులు తీసేశాక' అనే మాట థీసిస్‌లో ఎక్కడ కనిపించినా, తీసేయకముందు అంకె దాని పక్కనే ఉండాలి. మీ ఆసుపత్రిలో రేపు మొదలుపెట్టే సర్జన్‌కి కావాల్సింది ఆ మొదటి అంకే.

మత్తు_డాక్టర్

అందరూ పాథాలజీ, ఫాలోఅప్ అంటున్నారు, మా ఎనస్తీషియా చార్టులు ఎవరికీ గుర్తు రాలేదు. కార్బన్ డయాక్సైడ్ ఎంబాలిజం (గ్యాస్ సిరల్లోకి పోయి రక్తప్రవాహాన్ని అడ్డుకోవడం) టాటీఎంఈలో ఉన్న రిస్కు. అంతర్జాతీయ రిజిస్ట్రీల్లో 6375 కేసుల్లో 25, అంటే 0.4 శాతం. సర్జన్ రాసిన నోట్‌లో అది ఉండకపోవచ్చు. కింది నుంచి చేస్తున్న గంటలో ఎండ్ టైడల్ (వదిలే ఊపిరి చివర్లోని) కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టుండి పడిపోవడం, దాంతో పాటు బీపీ, సాచురేషన్ తగ్గడం, టేబుల్ తల వైపు దించమని రాసి ఉండటం: చార్టులో వెతకాల్సినవి ఇవి. ప్రోస్టేట్ పక్కనున్న సిరలు తెగినప్పుడు గ్యాస్ ఒత్తిడి మీద లోపలికి పోతుంది, కాబట్టి రక్తస్రావం గడితో కలిపి చూడండి.

యురెత్రా (మూత్రం బయటికి వచ్చే నాళం) గాయం కూడా అలాంటిదే, మగవాళ్లకే లెక్కించాలి. 68 మందిలో మగవాళ్లు 45 అనుకుంటే, ఒక్కరికీ జరగకపోయినా అసలు రిస్కు 6 శాతం పైదాకా ఉండొచ్చు. 'సున్నా' అని రాసిన గడి పక్కన ఆ పై హద్దు కూడా రాయండి. చార్టులు మెడికల్ రికార్డ్స్‌లో విడిగా కట్ట కట్టి ఉంటాయి, కేస్ షీటుతో పాటు రావు, విడిగా అడగాలి.